దవడలో పుండు మానలేదని మాత్రలన్నీ ఆపేశాం, మంచి పనేనా?

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. నాన్నతో కలిసి తెనాలిలో ఉంటుంది. తొమ్మిదేళ్లుగా కీళ్లవాతం ఉంది, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ పొద్దున ప్రెడ్నిసొలోన్ 5 మిల్లీగ్రాములు వేసుకుంటుంది. షుగర్ కూడా ఉంది. మూడు నెలల కింద కింది దవడలో ఒక పిప్పి పన్ను పీకించాం. ఆ గుంట ఇప్పటికీ పూడలేదు. నాలుకకు ఏదో గరుకుగా తగులుతోందంటే టార్చి వేసి చూశాను. పసుపు కలిసిన తెలుపు రంగులో గట్టిగా ఏదో కనిపించింది. అప్పుడప్పుడూ చీము వస్తోంది, నోరు వాసన వేస్తోంది. పన్ను తీసిన డాక్టర్ రెండుసార్లు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతోంది. డల్లాస్‌లో ఉండే తమ్ముడు ఇంటర్నెట్‌లో చూసి, ఇమ్యూనిటీని తగ్గించే మందుల వల్ల దవడ ఎముక కుళ్లిపోతుందట, అన్నీ ఆపేయమన్నాడు. వారం నుంచి అమ్మ కీళ్లవాతం మాత్రలేవీ వేసుకోవడం లేదు. రెండు రోజులుగా మంచం దిగలేకపోతోంది. ఇది నిజంగా ఆ మందుల వల్లేనా? క్యాన్సర్ ఏమోనని టెన్షన్‌గా ఉంది. దవడ తీసేస్తారా? పన్ను పీకిన డాక్టర్‌ది తప్పా? పక్కన ఇంకో పన్ను కదులుతోంది, దాన్నీ తీయించెయ్యాలా? చెప్పడం మరిచాను, ఎముకలు గుల్లబారాయని ఐదేళ్లుగా ప్రతి ఆదివారం ఒక మాత్ర కూడా వేసుకుంటోంది. అది మాత్రం ఆపలేదు.
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను. అంతకంటే ముందు, ఇది చదవగానే అమ్మకు కీళ్లవాతం చూసే డాక్టర్‌కు ఫోన్ చేయండి. వారంగా ప్రెడ్నిసొలోన్ ఆగిపోయిందని, రెండు రోజులుగా మంచం దిగలేకపోతోందని, దవడలో చీము ఉందని చెప్పండి. ఈ మూడింట్లో ఏదీ వదలొద్దు. డాక్టర్ ఫోన్‌లో దొరక్కపోతే ఆయన కోసం ఆగకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ఎందుకింత తొందర చేస్తున్నానో చెబుతాను. ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు మన ఒంట్లో రోజూ ఇలాంటి హార్మోన్‌నే తయారుచేస్తుంటాయి. దాని పేరు కార్టిసాల్. ఏళ్ల తరబడి బయటి నుంచి మాత్ర అందుతుంటే ఆ గ్రంథులు తమ పని తగ్గించుకుంటాయి. మాత్ర ఉన్నట్టుండి మానేస్తే అవి వెంటనే పుంజుకోలేవు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ హార్మోన్ మామూలు కంటే ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే అది అందకపోతే విపరీతమైన నీరసం, వాంతులు, కడుపునొప్పి, బీపీ పడిపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం లాంటివి వస్తాయి. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. అమ్మ మంచం దిగలేకపోవడం కీళ్లనొప్పులు తిరగబెట్టినందువల్ల కావచ్చు, ఇందువల్లా కావచ్చు. ఇంట్లో కూర్చుని తేల్చుకోగలిగిన విషయం కాదిది. మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా, ఒళ్లు చల్లబడుతున్నా అంబులెన్స్ పిలవండి.

మెథోట్రెక్సేట్ సంగతి వేరు. అది ఒకటి రెండు వారాలు ఆగితే ప్రాణాపాయం లేదు. నోట్లో చీము ఉంది కాబట్టి ఇన్ఫెక్షన్ తగ్గేదాకా ఆపమని డాక్టరే చెప్పవచ్చు కూడా. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి. మానేసిన వారం మాత్ర కూడా కలిపి వేసేయడం లాంటివి మాత్రం చేయకండి. ఇది వారానికి ఒక్కరోజు వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుని, నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి ఆసుపత్రిలో చేరే పెద్దవాళ్లున్నారు. మాత్ర వేసుకునే రోజు పేరును డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

ఇక దవడ విషయానికి వద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది మీరు ఆఖర్న, మరిచిపోయానంటూ రాసిన ఆదివారం మాత్ర. స్ట్రిప్ తీసి పేరు చూడండి. అలెండ్రోనేట్ 70 అనో రైసెడ్రోనేట్ 35 అనో ఉంటుంది. దవడ ఎముక చచ్చుబడడానికి మొదట అనుమానించాల్సింది ఈ జాతి మందుల్నే. వీటిని బిస్ఫాస్ఫోనేట్లు అంటారు. తమ్ముడు ఆపేయమన్న మందులకు ఇందులో పాత్ర లేదని కాదు, ఉంది. కానీ అది తోడు పాత్ర. మీరు తోడు మందులన్నీ ఆపి అసలు అనుమానించాల్సిన మాత్రను కొనసాగిస్తున్నారు. తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఎముకల మాత్రను కాల్షియం మాత్రలాగే బలానికి వేసుకునేదనుకోవడం చాలా ఇళ్లలో మామూలు. వచ్చే ఆదివారం మాత్ర వేయాలా వద్దా అన్నది కూడా ఈ రోజు ఫోన్‌లోనే అడిగేయండి.

ఎముక రాయిలా ఒకసారి తయారై ఉండిపోయేది కాదు. పాత ఎముకను కొద్దికొద్దిగా కరిగించే కణాలు కొన్ని, ఆ ఖాళీలో కొత్త ఎముకను పోసే కణాలు కొన్ని జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. కరిగించే పని ఎక్కువై, పోసే పని తక్కువైతే ఎముక గుల్లబారుతుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లకు, స్టెరాయిడ్ వాడేవాళ్లకు జరిగేది ఇదే. ఆదివారం మాత్ర కరిగించే కణాలను నిద్రపుచ్చుతుంది. దాంతో నడుము, తుంటి ఎముకలు విరగకుండా నిలుస్తాయి. ఇంతవరకూ మంచిదే.

కానీ పన్ను పీకిన చోట ఆ కరిగించే కణాలే కావాలి. పన్ను ఊడిన గుంట అంచుల్లో దెబ్బతిన్న ఎముకను ముందు తీసేస్తేనే కొత్తది వస్తుంది. కూలిన గోడ శిథిలాలు ఎత్తకుండా అక్కడే కొత్త గోడ లేపమంటే ఏ మేస్త్రీ అయినా ఏం చేస్తాడు? అమ్మ దవడలో జరిగింది అలాంటిదే అయి ఉండవచ్చు. పాత ఎముక అక్కడే ఉండిపోయింది, నోటిలోని సూక్ష్మజీవులు దాన్ని పట్టుకున్నాయి, చిగురు దాని మీదికి పాకలేకపోయింది.

దవడకే ఎందుకు రావాలి, కాలికో చేతికో ఎందుకు రాదు అని మీకు అనిపించవచ్చు. నమలడం వల్ల దవడ ఎముక మీద రోజంతా ఒత్తిడి పడుతుంది, అక్కడ పాతది పోయి కొత్తది రావడం మిగతా ఎముకల కంటే ఎక్కువ. పైన ఉండే చిగురు పల్చని పొర. ఆ పొరను చీల్చుకుని ఎముకలోంచి నేరుగా బయటికి వచ్చేవి పళ్లు మాత్రమే, కాబట్టి పంటి ఇన్ఫెక్షన్ ఎముకలోకి దిగడానికి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో దాదాపు ముప్పావు వంతు మందికి కింది దవడలోనే వస్తుంది. అక్కడ ఎముక దట్టంగా ఉంటుంది, రక్తప్రసారం పై దవడలో ఉన్నంత ధారాళంగా ఉండదు.

ఇది వైద్యలోకం దృష్టికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. 2003లో మయామీలోని దవడ శస్త్రచికిత్స నిపుణుడు రాబర్ట్ మార్క్స్, ఇలాంటి మందులు వాడిన 36 మందిలో దవడ ఎముక బయటపడిందని ఒక వైద్య పత్రికకు ఉత్తరం రాశారు. వాళ్లలో ఎక్కువమంది క్యాన్సర్ కోసం నరంలోకి ఎక్కించే మందు వాడినవాళ్లు. అంతకుముందు వందేళ్ల కిందట ఇలాంటి దవడలే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో కనిపించేవి. తెల్ల ఫాస్ఫరస్ ఆవిరి పీల్చిన కూలీల దవడలు కుళ్లిపోయేవి. లండన్‌లో 1888లో అగ్గిపుల్లల ఫ్యాక్టరీ ఆడపిల్లలు చేసిన సమ్మెకు ముఖ్య కారణం జరిమానాలు, పనివేళలు అయినా, ఆ దవడ జబ్బు గురించీ అప్పుడు లోకానికి బాగా తెలిసింది. 1906లో బెర్న్‌లో కుదిరిన ఒప్పందంతో ఆ ఫాస్ఫరస్ వాడకం మీద నిషేధం మొదలైంది.

ఇప్పుడు తమ్ముడు చదివిన విషయం. అతను పూర్తిగా పొరబడలేదు. ఈ జబ్బును ఎలా గుర్తించాలో చెప్పే అమెరికా దవడ శస్త్రచికిత్స నిపుణుల సంఘం 2022లో సవరించిన నిర్వచనంలో, ఎముక మందును ఒంటరిగా వాడినా, రోగనిరోధక శక్తిని మార్చే మందులతో కలిపి వాడినా అని స్పష్టంగానే ఉంది. స్టెరాయిడ్ పుండు మానడాన్ని నెమ్మదింపజేస్తుంది. మెథోట్రెక్సేట్ సూక్ష్మజీవులతో పోరాడే శక్తిని కొంత తగ్గిస్తుంది. ఎముక మందు వాడకుండా కేవలం మెథోట్రెక్సేట్, లేదా కీళ్లవాతానికి ఇచ్చే అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు వాడినవాళ్లలో దవడ ఎముక బయటపడిన కేసులు కూడా వైద్య పత్రికల్లో అక్కడొకటి అక్కడొకటి వచ్చాయి. అయితే అవి అరుదు. అమ్మ విషయంలో ఐదేళ్ల ఎముక మాత్ర, రోజువారీ స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్, షుగర్, కింది దవడలో పన్ను తీయించడం, ఇవన్నీ ఒకచోట చేరాయి. ఒక్కదాని మీదే నేరం మోపడం కష్టం.

ఇంటర్నెట్‌లో స్టెరాయిడ్, ఎముక చచ్చుబడడం అని వెతికితే తుంటి ఎముక ఫొటోలు ఎక్కువగా వస్తాయి. ఏవీఎన్ అంటారు. అది తొడ ఎముక తలకు రక్తం అందక వచ్చే వేరే జబ్బు. రెండూ కలిపి చదివితే గందరగోళం తప్పదు.

ఇదంతా చదివి, అసలు ఆ ఎముక మాత్ర ఎందుకిచ్చారు అని డాక్టర్ మీద కోపం తెచ్చుకోకండి. నెలల తరబడి స్టెరాయిడ్ వాడే 63 ఏళ్ల ఆడవాళ్లకు వెన్నుపూస కుంగిపోయే, తుంటి విరిగే ప్రమాదం నిజంగా ఉంటుంది. తుంటి విరిగిన పెద్దవాళ్లు మళ్లీ మునుపటిలా నడవడం ఎంత కష్టమో మన వీధుల్లోనే చూస్తుంటాం. దాంతో పోలిస్తే, గుల్లబారిన ఎముకలకు నోటి మాత్రలు వాడేవాళ్లలో దవడ సమస్య పదివేల మందిలో ఐదుగురికి మించి రాదు. ఏళ్లు గడిచేకొద్దీ, స్టెరాయిడ్ తోడైతే అది కొంత పెరుగుతుంది. క్యాన్సర్ ఎముకలకు పాకినప్పుడు మూడు నాలుగు వారాలకోసారి ఎక్కించే ఇదే జాతి మందు జోలెడ్రోనిక్ యాసిడ్ మోతాదు చాలా పెద్దది. ఆ రోగుల్లో కూడా వందకు ఐదుగురిలోపే. అమ్మ పదివేలలో ఆ కొద్దిమందిలో ఒకరైనట్టుంది. మీకు మాత్రం అది నూటికి నూరు శాతం, ఆ బాధ నాకు అర్థమవుతుంది.

మీరు టార్చి వెలుగులో చూసింది ఎముకేనా? మీ వర్ణనను బట్టి అయ్యే అవకాశం ఎక్కువ. పన్ను తీశాక మూడు నాలుగు రోజులకు విపరీతంగా నొప్పి పుట్టే డ్రై సాకెట్ అనే ఇబ్బంది ఒకటుంది. అది ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది, మూడు నెలలుండదు. ఎముక బయటికి కనిపించడమో, చిగుట్లోని రంధ్రం గుండా సలాక పెడితే ఎముక తగలడమో ఎనిమిది వారాలు దాటి కొనసాగితే, ఆ మందులు వాడిన చరిత్ర ఉంటే, ముఖానికి గతంలో రేడియేషన్ ఇచ్చి ఉండకపోతే, దవడకు పాకిన క్యాన్సర్ కాదని తేలితే అప్పుడు దీన్ని మందుల వల్ల వచ్చిన దవడ ఎముక జబ్బు అంటారు. మీ దగ్గర పన్నెండు వారాలు దాటిపోయాయి. కాబట్టి మూడోసారి యాంటీబయాటిక్ కోర్సుతో సరిపెట్టుకోవద్దు.

అమ్మ తేరుకోగానే ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జన్‌కు, అంటే నోరు, దవడల సర్జన్‌కు చూపించండి. మీకు దగ్గర్లో విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, అక్కడ ఈ విభాగం ఉంటుంది. హైదరాబాద్‌లో అయితే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ. ఓపీజీ అనే దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే ముందు తీస్తారు. దాన్ని బట్టి దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ అడగవచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో పెద్దగా తేడా కనిపించకపోవచ్చు. ఎముక ఎంత కరుగుతోందో చూపే సీటీఎక్స్ అనే రక్తపరీక్ష చేయించమని ఎవరైనా చెబితే, దాన్ని బట్టి పళ్లు తీయవచ్చో లేదో తేల్చలేమని 2022 మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ డబ్బు మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీకి పెట్టండి. పుండు మానాలంటే షుగర్ అదుపులో ఉండడం చాలా అవసరం.

క్యాన్సర్ భయం గురించి. మీరు చెప్పిన లక్షణాలు క్యాన్సర్ కంటే ఎముక సమస్యకే దగ్గరగా ఉన్నాయి. అయినా చూడకుండా కాదని చెప్పడం బాధ్యత అనిపించుకోదు. గుంట అంచుల్లో కండ పెరుగుతున్నా, తాకితే రక్తం కారుతున్నా, మెడలో గడ్డ తగులుతున్నా సర్జన్ చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. మెథోట్రెక్సేట్ ఏళ్లుగా వాడేవాళ్లలో అరుదుగా చిగుళ్ల దగ్గర లింఫ్ కణాలు అదుపు తప్పి పెరిగి, పుండు పడి, ఎముక బయటపడుతుంది. చూడ్డానికి అచ్చం అమ్మ సమస్యలాగే ఉంటుంది. బయాప్సీలోనే తేలుతుంది. విశేషమేమిటంటే వాటిలో చాలావరకు మెథోట్రెక్సేట్ ఆపితేనే తగ్గుముఖం పడతాయి. అందుకే బయాప్సీ అంటే భయపడి వెనక్కి వచ్చేయకండి. క్షయ కూడా అరుదుగా దవడకు వస్తుంది, అదీ అందులోనే తెలుస్తుంది.

బ్లాక్ ఫంగస్ కూడా మీకు గుర్తొచ్చి ఉంటుంది. 2021లో కోవిడ్ రెండో దశ తర్వాత షుగర్, స్టెరాయిడ్లు కలిసి ఎంతమంది పై దవడలు పోగొట్టుకున్నారో, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఎలా కిక్కిరిసిపోయిందో మరిచిపోలేం. అది ఎక్కువగా పై దవడ, ముక్కు, కన్ను వైపు రోజుల్లోనే పాకే జబ్బు. మూడు నెలలుగా కింది దవడలో ఒకేచోట ఉన్న పుండుకు ఆ అవకాశం తక్కువ. ముఖం ఒకవైపు వాచినా, ముక్కులోంచి నల్లటి స్రావం వచ్చినా, అంగిట నల్ల మచ్చ కనిపించినా మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

దవడ తీసేస్తారా అని అడిగారు. చాలామందికి అంతదాకా రాదు. చీము లేకుండా ఎముక మాత్రమే కనిపించే దశలో క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత, అంచులు నున్నగా చేయడం, తరచూ చూడడం సరిపోవచ్చు. అమ్మకు చీము ఉంది కాబట్టి యాంటీబయాటిక్ కూడా కావాలి, అది చీమును పరీక్షించి ఎంచుకుంటే మంచిది. నెలలు గడిచేకొద్దీ చచ్చుబడిన ముక్క బతికి ఉన్న ఎముక నుంచి దానంతటది విడివడుతుంది. అప్పుడు దాన్ని తీసి, కింద రక్తం చిమ్మే ఆరోగ్యమైన ఎముక కనిపించేదాకా శుభ్రం చేసి, చిగురు కప్పి కుట్టేస్తారు. ఈమధ్య మరీ ఆలస్యం చేయకుండా ముందే ఇలాంటి సర్జరీ చేస్తున్నారు, ఫలితాలు బాగానే ఉంటున్నాయి. దవడ విరిగినా, చెంప బయటికి రంధ్రం పడినా, ఎముక కింది అంచుదాకా పాడైనా అప్పుడే దవడలో కొంత భాగం తీసి ప్లేటు వేయడం, కాలి ఎముక తెచ్చి పెట్టడం లాంటివి ఆలోచిస్తారు. ఒక్క గుర్తు చెబుతాను, జాగ్రత్తగా గమనించండి. కింది పెదవి ఒకవైపు, గడ్డం దగ్గర తిమ్మిరెక్కినట్టు ఉంటే ఎముక లోపలి నరం దాకా సమస్య వెళ్లిందని అర్థం. అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఆగకూడదు.

ఎముక మాత్ర ఆపాలా? అలెండ్రోనేట్ ఒకసారి ఎముకలో చేరితే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, కాబట్టి ఈ రోజు ఆపితే రేపే దవడ మానదు. అలాగే ఆపినంత మాత్రాన ఎముకల రక్షణ కూడా వెంటనే పోదు. ఐదేళ్లయ్యాక ఎలాగూ కొనసాగించాలా లేదా అని సమీక్షించడం మామూలే. అమ్మకు దాన్ని కొంతకాలం ఆపి, ఎముకలు మరీ బలహీనంగా ఉంటే ఎముకను పోసే టెరిపారటైడ్ ఇంజెక్షన్ లాంటివి ఆలోచించే అవకాశం ఉంది. ఆ నిర్ణయం సర్జన్, రుమటాలజిస్ట్ (కీళ్లవాతం చూసే డాక్టర్) మాట్లాడుకుని తీసుకోవాలి. ఇద్దరి మధ్య కాగితాలు మోసే పని మీదే అవుతుంది, ఓపిక పట్టండి.

ఇక్కడ ఎముకలు గుల్లబారినందుకు ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ ఇంజెక్షన్ వేయించుకునేవాళ్లు ఇది చదువుతుంటే ఒక హెచ్చరిక. దవడ భయంతో ఆ డోసును మీ అంతట మీరు దాటవేయకండి. దాని ప్రభావం ఆరు నెలలకే తగ్గిపోతుంది, ఆగిపోతే ఎముక కరగడం ఒక్కసారిగా విజృంభించి వెన్నుపూసలు వరసగా కుంగిపోయిన సందర్భాలున్నాయి. పన్ను పని ఉంటే డోసుకు డోసుకు మధ్య ఏ సమయంలో చేయించుకోవాలో ఇద్దరు డాక్టర్లనూ అడిగి పెట్టుకోండి.

పన్ను పీకిన డాక్టర్‌ది తప్పా అన్నదానికి నేను అవునని కానీ కాదని కానీ ఇక్కడి నుంచి చెప్పలేను. ఆ పన్ను కింద అప్పటికే ఇన్ఫెక్షన్ ఉండి, ఎముక లోలోపల పాడవడం ముందే మొదలై ఉండవచ్చు. చాలా కేసుల్లో పీకడం కంటే ఆ పాత ఇన్ఫెక్షనే మూలమని నిపుణులు భావిస్తున్నారు. పిప్పి పన్నును అలాగే వదిలేసినా ప్రమాదమే కదా. ఒక్కటి మాత్రం గుర్తుచేసుకోండి. కుర్చీలో కూర్చోగానే ఆయన మందులేమైనా వాడుతున్నారా అని అడిగి ఉంటారు. మన పెద్దవాళ్లు దానికి సాధారణంగా చెప్పే జవాబు షుగర్ బిళ్లలు, బీపీ బిళ్లలు అని. కీళ్లవాతం మందు పంటికి ఎందుకులే అనుకుంటారు, ఆదివారం మాత్ర అయితే గుర్తుకే రాదు. ఆయన అడగలేదంటే అది ఆయన లోపం. అడిగినా అమ్మ చెప్పలేదంటే అమ్మనేమీ అనకండి, ఇలా చెప్పాలని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. ఇకపై మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి, ఏడాదికోసారి వేసే ఇంజెక్షన్ల చీటీలతో సహా డాక్టర్ బల్ల మీద పోసేయండి. ఏడాది కింద ఆపేసిన ఎముక మందు గురించి కూడా చెప్పాలి, అది ఇంకా ఎముకలో ఉంటుంది కాబట్టి.

ఆ కవరు వల్ల ఇంకో లాభం ఉంది. మెథోట్రెక్సేట్ వాడే మనిషికి సెప్ట్రాన్ లాంటి కోట్రైమాక్సజోల్ మాత్ర ఇస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. కొన్ని నొప్పి బిళ్లలు కూడా, ముఖ్యంగా కిడ్నీలు సరిగ్గా లేనివాళ్లలో, మెథోట్రెక్సేట్ ఒంట్లోంచి బయటికి పోకుండా చేస్తాయి. కాబట్టి పంటినొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చిన మాత్ర అమ్మకు వేయకండి.

ఇంట్లో చేయగలిగింది కొద్దిగానే ఉంది. భోజనం చేసిన ప్రతిసారీ గోరువెచ్చని ఉప్పునీళ్లతో మెల్లగా పుక్కిలించమనండి. మెత్తటి బ్రష్‌తో మిగతా పళ్లన్నీ రెండుపూటలా తోముకోవాలి, పుండుందని బ్రష్ మానేస్తే సూక్ష్మజీవులు ఇంకా పెరుగుతాయి. ఆ గట్టి ముక్కను పిన్నుతోనో పుల్లతోనో కదిలించొద్దు. దాని మీద లవంగ నూనె, పసుపు, సున్నం ఏదీ పెట్టొద్దు. ఆ వైపు కట్టుడు పళ్లు ఉంటే తీసి ఉంచండి. పొగాకు, జర్దా కిళ్లీ అలవాటుంటే ఇదే మానాల్సిన సమయం. నమలడం కష్టమని మూడు పూటలా గంజి, బ్రెడ్డు పెడితే ఒళ్లు నీరసించి పుండు ఇంకా ఆలస్యం అవుతుంది. మెత్తగా ఉడికించిన పెసరపప్పు, గుడ్డు, పెరుగు, ముళ్లు తీసిన చేప లాంటివి పెట్టండి.

అమ్మలాగే కీళ్లవాతం, లూపస్ మందులు వాడుతూ ఎముక మాత్ర ఇంకా మొదలుపెట్టనివాళ్లు, కిడ్నీ మార్పిడికి సిద్ధమవుతున్నవాళ్లు ముందుగా ఒకసారి పళ్లన్నీ చూపించుకుని, తీయాల్సినవి తీయించుకుని, చిగురు మానాక మందు మొదలుపెడితే ఈ చిక్కులో సగం తప్పుతుంది. మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకు చిగుళ్లు వాచి పళ్ల మీదికి పెరగడం మామూలే. ఆ పెరుగుదలలో పాచి ఇరుక్కుని ఇన్ఫెక్షన్‌కు చోటవుతుంది, ఆరు నెలలకోసారి క్లీనింగ్ చేయించుకోవాలి. ఇప్పటికే ఎముక మాత్ర మొదలుపెట్టి ఏ ఇబ్బందీ లేనివాళ్లు కంగారుపడి ఆపనక్కర్లేదు, క్లీనింగ్, ఫిల్లింగ్, రూట్ కెనాల్ అన్నీ నిశ్చింతగా చేయించుకోవచ్చు.

చివరిగా ఆ కదిలే పన్ను. ఇప్పుడు తీయించొద్దు. అది కదలడానికి చిగుళ్ల జబ్బు కారణం కావచ్చు, కింద ఎముక పాడవడమూ కావచ్చు. రెండో కారణమైతే అక్కడ పీకితే ఇంకో గుంట తెరిచినట్టవుతుంది. దాన్ని పక్క పళ్లకు తీగతో కట్టి ఉంచడమో, రూట్ కెనాల్ చేసి పైభాగం చిగురు దాకా కోసేసి వేరును లోపలే వదిలేయడమో సర్జన్ సూచించవచ్చు. పాడైన ఎముకలోనే ఆ పన్ను ఉందని స్కాన్‌లో తేలితే, ముక్క తీసే సర్జరీతో పాటే దాన్నీ తీస్తారు. ఓపీజీ చూసేదాకా దాని మీద నమలకుండా, వేలితో కదిపి చూడకుండా ఉండమని అమ్మకు చెప్పండి. రుమటాలజిస్ట్ ఏమన్నారో, ఆదివారం మాత్ర పేరేమిటో రాస్తే మిగతాది చెబుతాను.